రెండు ఇంజిన్లు, ఒకే చెయ్యి

మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, బహ్రెయిన్‌లో, జింజ్ పేటలోని మా ఇంట్లో సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోనులో కార్ల పందెం చూస్తూ మా బామ్మర్ది శ్రీకాంత్ నన్నొక ప్రశ్న అడిగాడు. శ్రీకాంత్ మా మేనమామ రాజలింగం కొడుకు. మామ కిందటి వానాకాలంలో జగిత్యాల దగ్గర మా ఊళ్ళో కన్నుమూశాడు. తండ్రి అన్నేళ్ళు చెమటోడ్చిన బహ్రెయిన్‌ను ఒక్కసారి కళ్ళారా చూసిపోవాలని వీడు పది రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు. హైదరాబాదులో నీళ్ళ పంపులు తయారుచేసే చోట ఇంజనీరు. తండ్రి పోలికలు మొహంలో లేవు గాని, ఏ వస్తువు చేతికొచ్చినా తిప్పి తిప్పి చూసే అలవాటు మాత్రం అచ్చం ఆయనదే. "బావా, ఈ స్టాక్ కార్లల్ల ఒక్కో కంపెనీ ఇంజిన్ ఒక్కో తీరు ఉంటదా, లేకుంటే అన్ని ఒక్కటేనా? ఇంటర్నెట్ల సగం మంది అట్లంటరు, సగం మంది ఇట్లంటరు. నువ్వైతే దాంట్లనే పని చేసినవ్ గదా" అన్నాడు.

నేను టీ కప్పు కింద పెట్టి, తెలిసినవాడిలా గొంతు సవరించుకున్నాను. "మనిషి మనిషికి ముక్కు వేరే ఉంటదిరా. ఊపిరి మాత్రం ఒక్కటే. ముక్కు జూసి ఎవడెంత దూరం ఉరుకుతడో చెప్పగలవా?" అన్నాను. శ్రీకాంత్ ఫోను పక్కన పెట్టేశాడు. "మస్తు చెప్పినవ్ బావా. ఇంత చిన్నగ ఎవ్వలు చెప్పలే" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ నా భార్య కూడా మురిపెంగా చూసింది. ఆ మెప్పంతా నేను నిక్షేపంగా పుచ్చుకున్నాను. కాసేపటికి గాని నా చెవులు వేడెక్కలేదు. ఆ మాట నాది కాదు. వాడి తండ్రిది. ఆయన చెమటతో సంపాదించిన తెలివిని ఆయన కొడుకు ముందే నాదిగా చెప్పుకుని కూర్చున్నాను. ఇలాంటి పని నేను చేయడం అది మొదటిసారి కూడా కాదు. మొదటిసారి చేసిన సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

స్టాక్ కారంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. పైకి చూస్తే అది షోరూములో అమ్మే కారులాగే ఉంటుంది. మూత ఎత్తితే లోపల పందెం కోసమే కట్టిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఉంటుంది. ఏ కంపెనీదైనా సరే, సిలిండర్లన్నీ కలిపి ఎంత ఉండాలో, లోపల గాలిని ఎంత నొక్కాలో, ఎంత కన్నం గుండా ఎంత గాలి పీల్చాలో అన్నిటికీ రూలు ఉంటుంది. ఇంజిన్ బలమంతా అది పీల్చే గాలిని బట్టే. అందరికీ ఒకే కన్నం పెట్టాక కంపెనీల మధ్య మిగిలే తేడా చాలా తక్కువ. గాలి దారి వంపు ఒకదానిలో ఒకలా, ఇంకోదానిలో ఇంకోలా ఉంటుంది. నిప్పు రవ్వను పంచే డబ్బా ఒకదానికి ముందుంటే ఇంకోదానికి వెనక ఉంటుంది. ఇదంతా నేనిప్పుడు గడగడా చెబుతున్నాను గాని, ఇరవై మూడేళ్ళ వయసులో, చేతిలో డిప్లొమా కాగితంతో బహ్రెయిన్‌లో దిగిన రోజున నాకు ఇందులో ఒక్క ముక్కా తెలియదు. తెలుసుననుకునేవాణ్ణి, అదే వచ్చిన చిక్కు.

నాకు వీసా తెప్పించింది మామే. ఆయన కఫీల్‌కు నువైద్రాత్ దగ్గర పెద్ద షెడ్డు ఉండేది. కఫీల్ అంటే మా వీసాలకు పూచీ ఉన్న యజమాని. ఆయనా, ఆయన తమ్ముడూ ఇద్దరికీ కార్ల పందేల పిచ్చి. అన్నది ఎర్ర కారు, తమ్ముడిది నీలం కారు. రెండూ రెండు వేరు వేరు అమెరికా కంపెనీలవి. పేర్లు రాయను, ఆ రెండు కంపెనీల అభిమానులు నేటికీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. రెండు కార్ల ఇంజిన్లూ విప్పేది, కట్టేది మామే. "మా అల్లుడు చదువుకున్నోడు, కంప్యూటర్ వస్తది, ఇంగ్లీషు వస్తది" అని మామ ఏడాది పాటు కఫీల్ వెంటపడి నన్ను ఆఫీసులో పెట్టించాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆయనకు అప్పుడు తెలియదు.

షెడ్డుకు కూతవేటు దూరంలో మాకు ఒక గది. మామ, నేను, నిజామాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు వెల్డర్లు. ఇప్పుడు కూడా ఎక్కడైనా మెంతులు మాడిన వాసన వస్తే ఆ గదే గుర్తుకొస్తుంది నాకు. మామ అందరికంటే ముందు లేచి, స్నానం చేసి, గోడకు తగిలించిన చిన్న రాజన్న దేవుడి పటానికి దండం పెట్టుకుని, జొన్నపిండి కలిపేవాడు. రొట్టె కొట్టే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. రొట్టెలోకి ఎల్లిపాయ కారం, లేకపోతే పచ్చిపులుసు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు మాంసం కూర ఆయన చేతిదే, ఇంకెవరినీ గరిటె ముట్టనిచ్చేవాడు కాదు. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే బయట కుళాయి దగ్గర గొంతుకూర్చుని, ముందు కొంచెం డీజిల్‌తో, తర్వాత చక్కెర కలిపిన సబ్బుపొడితో చేతులు తోముకునేవాడు. చక్కెర పలుకులు గీతల్లో ఇరుక్కున్న మసిని లాగేస్తాయని ఆయన నమ్మకం. ఎంత తోమినా గోళ్ళ చుట్టూ నల్లటి అంచు మిగిలేది. ఆ చేత్తో అన్నం కలిపి మొదటి ముద్ద నా పళ్ళెంలో పెట్టేవాడు. నాకు ఆ నల్ల అంచు చూస్తే అన్నం సహించేది కాదు. ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది, కానీ అది నిజం.

ఇంజిన్ బిగించే రోజున మామ పద్ధతే వేరు. ఆ రోజు మధ్యాహ్నం గదికి వచ్చి రెండోసారి స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, తలకు తడిగుడ్డ చుట్టుకుని వెళ్ళేవాడు. బిగింపు అయ్యేదాకా నోరు విప్పేవాడు కాదు. షెడ్డులో పనిచేసే కేరళవాళ్ళు, పాకిస్తాన్ భాయిలు అది పూజ అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకుని ఒకసారి వేళాకోళం చేశాను. "భక్తి గాదుర, దుమ్ము" అన్నాడు. "వెంట్రుక మీద కాలుబెట్టినా మనకు ఎరుకనే ఉండదు. ఇంజిన్‌కు ఇసుక రవ్వ చాలు, పానం పోతది." కొలిచే పరికరాలు ఉన్నా, చివరికి సిగరెట్ కాగితం ముక్క ఒకటి సందులో పెట్టి లాగి చూసేవాడు. ఎర్ర కారుది కట్టినా, నీలం కారుది కట్టినా ఇదే వరస. ఏ కంపెనీది మంచిదని ఎవరు అడిగినా ఆ ముక్కూ ఊపిరీ మాటే చెప్పేవాడు. ఇంకా గుచ్చి అడిగితే, "కంపెనీ పేరు మూత మీద ఉంటది. లోపట ఉండేది కట్టినోని చెయ్యి" అనేవాడు. నేను మాత్రం ఆయనకు చదువు లేదు కాబట్టి తేడాలు తెలియవనుకునేవాణ్ణి.

ఆ ఏడు చలికాలంలో సఖీర్ వైపు ఎడారిలో జరిగిన పందేల్లో ఎర్ర కారు వరసగా నీలం కారు చేతిలో ఓడిపోయింది. ఎర్ర కారు నడిపేది కఫీలే. మలుపు మీదికి వచ్చేదాకా బ్రేకు తొక్కడు, ఆ తర్వాత ఒక్కసారిగా తొక్కుతాడు. సగం పందెం అయ్యేసరికి టైర్లు కరిగిపోయి ఉండేవి. తమ్ముడు మెత్తగా నడిపేవాడు. ఇది షెడ్డులో అందరికీ తెలుసు, పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? మామ ఒక్కడే ఒకసారి, చేతులు జోడించి, తన దుబాయి హిందీలో "అర్బాబ్, టైర్ కో థోడా ఆరామ్ దో" అన్నాడు, అయ్యా, టైర్లకు కాస్త విశ్రాంతి ఇవ్వండని. కఫీల్ మొహం మాడిపోయింది. మర్నాడు నన్ను ఆఫీసులోకి పిలిచి, నువ్వు చదువుకున్నవాడివి గదా, నా కారు ఎందుకు ఓడిపోతోందో చెప్పమన్నాడు.

నాకు నిజం తెలుసు. మామ గదిలో మాతో రోజూ చెప్పేదే గదా. కానీ కుర్చీలో కూర్చోబెట్టి అడిగేసరికి ఆ పెద్దమనిషికి నచ్చే జవాబు చెప్పాలనిపించింది. రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు కంపెనీల ఇంజిన్ల బలాలు, పట్టికలు, రంగు రంగుల గీతలు వెతికి ఇంగ్లీషులో నాలుగు పేజీలు తయారుచేశాను. ఆ లెక్కలు షోరూము కార్లవి. పందెం రూళ్ళకు లోబడినవి కావు. అంత మాత్రం చూసుకోలేదు నేను. ఎర్ర కారు కంపెనీ ఇంజిన్ తీరే వేరనీ, దానికి వేరే సైజులు, వేరే పద్ధతి కావాలనీ, రెంటినీ ఒకేలా కట్టడం వల్లనే ఈ నష్టమనీ రాశాను. మామ పేరు ఎక్కడా రాయలేదు. రాయనక్కరలేదు గదా, కట్టేది ఆయన ఒక్కడే. కఫీల్ కళ్ళు మెరిశాయి. ఆయన నడపడంలో తప్పు లేదని కాగితం మీద చెప్పినవాణ్ణి నేనే.

వారం తిరక్కుండా మామను ఇంజిన్ గదిలోంచి తీసి కార్లు కడిగే చోట వేశారు. జీతం అదే, గది అదే. ఇంజిన్ గది తాళంచెవి మాత్రం ఆయన నడుము నుంచి తీసుకున్నారు. ఆ సాయంత్రం కుళాయి దగ్గర డీజిల్ డబ్బా తీయలేదు ఆయన, ఉత్త సబ్బుతో కడుక్కుని లోపలికి వచ్చాడు. "ఏందో అల్లుడా, ఇంగ్లండ్ నుంచి ఇంకో మేస్త్రిని పిలిపిస్తున్నరట. నీకేమన్న ఎరికేనా?" అని అడిగాడు. "నాకేం దెల్వది మామా, ఆఫీసోళ్ళ సంగతి" అన్నాను. ఆఫీసువాళ్ళంటే నేనే. నెల రోజుల్లో ఆయన గోళ్ళ చుట్టూ ఉన్న నల్ల అంచు పోయింది. వేళ్ళు సబ్బునీళ్ళకు నాని తెల్లబడ్డాయి. ముద్ద కలిపి నా పళ్ళెంలో పెడుతుంటే ఆ తెల్లటి వేళ్ళ వైపు చూడలేక తలవంచుకుని మింగేవాణ్ణి.

ఇంగ్లండ్ నుంచి వచ్చినాయన బాగా పెద్దవాడు, వీపు వంగింది, జేబులో ఎప్పుడూ ఒక చేతిగుడ్డ. ఆయన మాట అర్థం చేసుకోవడం కఫీల్‌కు కష్టం. అందుకని ఆయన ఇంగ్లీషును హిందీలోకి తిప్పి చెప్పే పని నాది. రెండు ఇంజిన్లనూ విప్పించి బల్లల మీద పరిచాడు. రెండు రోజులు ఒక్కొక్క ముక్కా తుడిచి, కొలిచి, రాసుకున్నాడు. మూడో రోజు పొద్దున కఫీల్ బయట ఫోనులో ఉన్నాడు. మామ బకెట్టు పట్టుకుని కిటికీ అవతల కారు కడుగుతున్నాడు, మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. ఆ పెద్దాయన ఎర్ర ఇంజిన్ బేరింగు ఒకటి, నీలం ఇంజిన్ బేరింగు ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసి చిన్నగా నవ్వాడు. తర్వాత నాతో నెమ్మదిగా అన్నాడు. ఈ రెండు ఇంజిన్లూ కట్టింది ఒకే చెయ్యి, ఇంత శుభ్రమైన పని తాను ఎక్కువగా చూడలేదు, ఇంజిన్లలో లోపం వెతకొద్దు, టైర్లు చూడండి, నడిపేవాణ్ణి చూడండి. అది చెప్పి, వీటిని కట్టినాయన ఎవరు, ఒకసారి కలవాలి అన్నాడు.

కిటికీ అవతల పది అడుగుల దూరంలో ఉన్నాడు కట్టినాయన. నేను చెయ్యి చూపిస్తే చాలు. చూపిస్తే ఆ నాలుగు పేజీలు బూటకమని తేలిపోతుంది. "ఆయనిప్పుడు ఇంజిన్ల మీద లేడు" అన్నాను ఇంగ్లీషులో. అబద్ధం కాదు గదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, అలాంటి నిజాలే అబద్ధాలకంటే నీచం. ఈలోగా కఫీల్ లోపలికి వచ్చి "క్యా బోలా?" అన్నాడు. ఇంజిన్లు పర్వాలేదట, కొన్ని చిన్న మార్పులు చెబుతాడట, టైర్ల సంగతి కూడా చూడమంటున్నాడు అన్నాను. పెద్దాయన అన్న మాటల్లో మామకు చెందవలసినది ఒక్కటీ నా నోట్లోంచి రాలేదు. ఆయనకు హిందీ రాదు, కఫీల్‌కు ఆయన ఇంగ్లీషు అందదు, మధ్యలో నేను. ఆ రోజంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మధ్యాహ్నం నీళ్ళ డ్రమ్ము దగ్గర మామ ఎదురుపడ్డాడు. "ఏమన్నడు అల్లుడా ఆ ముసలాయన?" అని అడిగాడు. "సైజులు రాసుకుంటుండు మామా" అన్నాను. మామ నా మొహంలోకి కాసేపు చూశాడు. "మంచిది" అని బకెట్టు నింపుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మామ ఇంకో రెండేళ్ళు కార్లు కడిగాడు. ఇంజిన్లు కట్టడానికి కఫీల్ వేరే మనిషిని తెచ్చుకున్నాడు, ఎర్ర కారు మామూలుగానే ఓడుతూ వచ్చింది. నాకు మాత్రం కుర్చీ పెరిగింది. ఆ నాలుగు పేజీల పుణ్యమా అని సాంకేతిక విషయాలన్నీ తెలిసినవాడినన్న పేరు వచ్చింది. ఆ పేరు మీద ఇంకో చోట ఉద్యోగం, ఆ ఉద్యోగం మీద ఫ్యామిలీ వీసా, జింజ్‌లో ఫ్లాటు. నా పిల్లలు అరాద్ కోట దగ్గర సముద్రపు ఒడ్డున సైకిళ్ళు తొక్కుతూ పెరిగారు. అప్పుడు మా గదిలో నలుగురికి ఒకే కూలరు. ఇప్పుడు మాకు మనిషికో ఏసీ. అప్పుడు లేనివి అన్నీ ఉన్నాయి, తలెత్తుకుని అన్నం తినడం ఒక్కటి తప్ప. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. శుక్రవారం మాంసం కూర వండిన ప్రతిసారీ మా ఇంట్లో జరిగేదే.

శనివారం పొద్దున శ్రీకాంత్‌ను నువైద్రాత్ తీసుకెళ్ళాను. షెడ్డు ఇప్పుడు కూరగాయల గోడౌను. మా గది ఉన్నచోట నాలుగంతస్తుల మేడ లేచింది. కారు నీడలో ఆపి, ఏసీ తగ్గించి, స్టీరింగు పట్టుకునే ఉండి మొత్తం చెప్పాను. నాలుగు పేజీలు, తాళంచెవి, కిటికీ అవతలి బకెట్టు, ఇంగ్లండ్ పెద్దాయన అన్న మాటలు ఒక్కొక్కటీ. ఆ మాటలు మొదటిసారి తెలుగులోకి వచ్చాయి, అందవలసిన మనిషి మట్టిలో కలిశాక. నిన్న నువ్వు మెచ్చుకున్న ముక్కు మాట కూడా మీ నాన్నదే అని చెప్పాను. వాడు అద్దంలోంచి ఆ మేడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను.

"నాయినకు ఎరికే బావా" అన్నాడు చివరికి.

నాకు అర్థం కాలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు గదా అన్నాను.

"రాకుంటేంది? ఆ ముసలాయన బేరింగు చేతుల వట్టుకొని నవ్విండట. సైజు తప్పున్న దాన్ని జూసి ఏ మేస్త్రి అన్న నవ్వుతడా అన్నడు నాయిన. నేను ఇంజనీరింగ్ల చేరిన నాడు చెప్పిండు నాకు. నీ కాగితం సంగతి గుడ ఆ కేరళోళ్ళు చెప్పిన్రట."

"నన్ను తిట్టిండా?"

"లేదు. అల్లుడు భయపడ్డడు, చిన్నోడు అన్నడు. ఎన్నడో ఒకనాడు వాడే చెప్తడు, నువ్వు మాత్రం అడగకు, సిగ్గువడ్తడు అన్నడు. నేను గుడ అందుకే అడగలే."

ఇంటికి తిరిగి వస్తుంటే దారిలో మామ ఫోన్లు గుర్తొచ్చాయి. ఊరికి వెళ్ళిపోయాక కూడా మామ ప్రతి శుక్రవారం నాకు ఫోను చేసేవాడు. పిల్లల చదువులు, చెరువులో నీళ్ళు, తన మోకాళ్ళ నొప్పులు, ఊళ్ళో ఎవరు పోయారు, ఎవరి పెళ్ళి కుదిరింది, అన్నీ అయ్యేవి. ఇంక పెట్టేస్తాడనుకునే వేళకు కాసేపు ఆగి, "ఇంకేం సంగతి అల్లుడా?" అని అడిగేవాడు. పెద్దవాళ్ళు ఊరికే అడిగే మాట అనుకునేవాణ్ణి. పోవడానికి ముందు శుక్రవారం కూడా, ఆయాసపడుతూనే, ఆగి అడిగాడు. అంతే మామా, ఇంకేం లేవు అని నేనే ఫోను పెట్టేశాను.